క్షయకు మందుంది, దారే సాఫీగా లేదు

1960ల తొలినాళ్లలో బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థలో పనిచేస్తున్న డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో ఒక పరిశీలన చేశారు. పల్లె జనానికి క్షయ గురించి తెలియదని, దగ్గును పట్టించుకోరని, ఊరూరా వైద్యం చేయించుకుని జబ్బు ముదిరాక వస్తారని అప్పటి వైద్యరంగంలో గట్టి అభిప్రాయం ఉండేది. కాబట్టి ముందు వాళ్లకు 'చైతన్యం' కలిగించాలన్నారు. తెమడలో క్షయ క్రిములున్నవాళ్లను ఇళ్లకు వెళ్లి పలకరిస్తే తేలింది వేరు. దాదాపు అందరికీ తమ ఒంట్లో ఏదో బాగాలేదని తెలుసు. చాలామందికి దిగులు కూడా ఉంది. సగానికి పైగా అప్పటికే ఆస్పత్రి గడప తొక్కి వచ్చారు. అక్కడ ఎవరూ వాళ్ల తెమడ పరీక్షించలేదు. దగ్గుమందు ఇచ్చి పంపేశారు.

ఆ ఫలితం 1963లో అచ్చయింది. అరవై ఏళ్లు దాటినా క్షయ గురించి మాట్లాడేటప్పుడు అదే పాత వాదన మళ్లీ మళ్లీ వినిపిస్తుంది: 'మూఢనమ్మకాలు, అవగాహన లేమి, మందులు మధ్యలో మానేసే అలవాటు.' సంస్కృతి ప్రభావం ఈ జబ్బు మీద నిజంగానే ఉంది. అయితే అది పనిచేసే చోట్లు కొన్నే, వాటిని వేలుపెట్టి చూపించవచ్చు. మిగతా చాలా చోట్ల సంస్కృతి మీదికి నెట్టేది నిజానికి డబ్బు సమస్యో, దూరం సమస్యో, వైద్యసేవ నడిచే తీరులోని లోపమో అయివుంటుంది. ఈ రెండింటినీ విడదీయకపోతే కార్యక్రమాలు గోడపత్రికల మీద ఖర్చు పెడుతూ పోతాయి, రోగి దగ్గుమందుతో ఇంటికి పోతూనే ఉంటాడు.

క్రిమి నడక, మనిషి ఊహ

క్షయ గురించి ఇన్ని కథలు పుట్టడానికి మొదటి కారణం ఆ క్రిమి స్వభావమే. మశూచి, కలరా లాంటివి సోకితే రోజుల్లో బయటపడతాయి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కంటికి కనిపిస్తుంది. క్షయ అలా కాదు. ఊపిరితిత్తుల్లో జబ్బు ఉన్న మనిషి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు వెలువడే అతి సన్నని తుంపరలు గాలిలో గంటలకొద్దీ తేలుతుంటాయి. వాటిని పీల్చినవాళ్లలో కొందరికి క్రిమి సోకుతుంది, కానీ సోకినవాళ్లందరికీ జబ్బు రాదు. నూటికి 5 నుంచి 10 మందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే, కొందరికి మాత్రం ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అంటే కారణానికీ ఫలితానికీ మధ్య ఏళ్ల ఎడం. ఒకే ఇంట్లో తాతకు, తండ్రికి, కొడుకుకు వచ్చింది కనుక రక్తంలోనే ఉందనుకోవడం కంటితో చూసినదాన్ని బట్టి చేసిన తెలివైన ఊహే. బాగా బలహీనపడ్డాకే జబ్బు బయటపడుతుంది కనుక విపరీతమైన చాకిరీ వల్ల వచ్చిందనుకోవడమూ అలాంటిదే. పైగా అందులో సగం నిజముంది: పోషకాహార లోపం, హెచ్‌ఐవీ, మధుమేహం, మద్యం, పొగ... ఇవన్నీ నిద్రాణంగా ఉన్న క్రిమిని లేపేవే.

వియత్నాంలో 1990ల్లో జరిగిన పరిశోధనల్లో జనం క్షయను నాలుగు రకాలుగా చెప్పడం నమోదైంది. 'లావో చుయెన్' రక్తంలో దిగివచ్చేది. 'లావో లుక్' ఒళ్లు హూనమయ్యే చాకిరీ వల్ల వచ్చేది. 'లావో తామ్' మనోవ్యధ వల్ల వచ్చేది. 'లావో ఫోయ్' ఒక్కటే క్రిమి వల్ల వచ్చి ఇతరులకు అంటుకునేది. ఇంత స్పష్టంగా నాలుగు గదులున్నప్పుడు తన జబ్బును ఏ గదిలో పెట్టుకోవాలని మనిషికి అనిపిస్తుంది? అంటుకునే గదిలో మాత్రం కాదు. ఫిలిప్పీన్స్‌లో 'ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయి' అనే మాట ఇలాంటి పనే చేసింది. రోగిని నొప్పించకూడదని వైద్యులే ఆ మాట వాడారు. అది క్షయ అని తెలియని తల్లిదండ్రులు బలం మందులు కొంటూ కాలం గడిపారు. దక్షిణాఫ్రికాలో జులూ మాట్లాడేవాళ్లలో 'ఇద్లీసో' అన్న భావన ఉంది. గిట్టనివాళ్లు తిండిలో కలిపి పెట్టినదేదో ఛాతీలో కూర్చుని మనిషిని తినేస్తుందని దాని అర్థం. దగ్గు, చిక్కిపోవడం, నెత్తురు పడటం అన్నీ ఆ వర్ణనలోకి ఇమిడిపోతాయి.

మన పేరు సంగతీ చూడాలి. క్షయ అంటేనే తరిగిపోవడం. గ్రీకుల 'థైసిస్' అర్థమూ అదే. పురాణకథలో చంద్రుడు ఇరవై ఏడుగురు భార్యల్లో రోహిణి ఒక్కదానితోనే గడపడం వల్ల మామ దక్షుడి శాపానికి గురై క్షీణించిపోతాడు. జబ్బుకు రాజయక్ష్మ అనే పేరు ఆ కథతో ముడిపడిందే. అందంగా ఉన్న కథే కానీ దాని లోపల ఒక తీర్పు దాగి ఉంది: ఈ జబ్బు వచ్చినవాడు హద్దు దాటాడు. ఆ తీర్పు కథలు మర్చిపోయినా పోలేదు. టీబీ అని తెలియగానే 'తాగుతాడా? తిరుగుతాడా?' అన్న ప్రశ్నలు ముందు వస్తాయి.

భయం ఎలా రూపం మార్చుకుంది

19వ శతాబ్దంలో ఉత్తర ఐరోపా క్షయను వంశపారంపర్యమని నమ్మింది, దక్షిణ ఐరోపా అంటువ్యాధి అని నమ్మింది. నేపుల్స్‌లో 1782 నాటికే రోగుల వివరాలు వైద్యులు అధికారులకు తెలపాలని, వాళ్లు వాడిన సామాను తగలబెట్టాలని ఆజ్ఞలున్నాయి. ఇంగ్లిష్ కవి కీట్స్ 1821లో రోములో చనిపోతే గదిలోని సామాను కాల్చేశారు. 1838లో మయోర్కా ద్వీపానికి వెళ్లిన సంగీతకారుడు షోపాన్‌కు క్షయ అని తెలిసి అద్దె ఇంటివాళ్లు ఖాళీ చేయించారు. అదే కాలంలో లండన్, ప్యారిస్ సాహిత్యంలో అదే జబ్బు సున్నిత మనస్కుల, ప్రతిభావంతుల లక్షణంగా వెలిగింది. ధనికుడి క్షయ సౌకుమార్యం, పేదవాడి క్షయ మురికి.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ క్రిమిని చూపించాక రక్తదోషం అన్న నింద పోవాలి. పోలేదు, చోటు మారింది. అంతవరకూ వంశం తప్పు, ఆ తర్వాత ఆ మనిషి ఉమ్ము తప్పు, ఊపిరి తప్పు. న్యూయార్క్ నగరం 1896లో బహిరంగంగా ఉమ్మడాన్ని నిషేధించింది. ఉమ్మవద్దని చెప్పడం మంచిదే. కానీ ఆ ప్రచారాలు జబ్బున్న మనిషినే ఒక ప్రమాదంగా నిలబెట్టాయి. క్షయ రోగులను విడిగా ఉంచి చూసే శానటోరియంలు అదే భావానికి గోడలు కట్టాయి.

ఆ గోడలను కూల్చే రుజువు మద్రాసు నుంచి వచ్చింది. 1956లో అక్కడ మొదలైన క్షయ రసాయన చికిత్సా కేంద్రం 193 మంది పేద రోగులను రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టు శానటోరియంలో మంచి తిండి, పూర్తి విశ్రాంతి, నర్సుల పర్యవేక్షణతో ఉంది. రెండో జట్టు తమ ఇరుకిళ్లలోనే, ఎప్పటి అరకొర తిండే తింటూ, చాలామంది పనులు చేసుకుంటూ ఉంది. ఇద్దరికీ మందులు ఒకటే: ఐసోనియాజిడ్, పాస్, ఏడాదిపాటు. 1959లో ఫలితాలు ప్రకటించారు. నయం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాతి ఏళ్లలో చూస్తే ఇంట్లో చికిత్స పొందినవాళ్ల కుటుంబాలకు అదనంగా జబ్బు సోకిందీ లేదు. ఎందుకంటే కుటుంబానికి సోకాల్సింది చాలావరకు జబ్బు గుర్తించక ముందే, చికిత్స లేని నెలల్లోనే సోకిపోతుంది. సరైన మందులు పడ్డాక సోకే గుణం రోజుల్లోనే బాగా తగ్గిపోతుంది. సాధారణంగా రెండు వారాలను గీతగా పెట్టుకుంటారు.

శానటోరియంలు మూతపడ్డాయి. కానీ ఇళ్లలో చిన్న శానటోరియంలు ఇప్పటికీ నడుస్తున్నాయి: విడి కంచం, విడి గ్లాసు, మూల మంచం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకపోవడం. కంచం, బట్టలు, చేతులు కలపడం, ఒకే మంచం మీద కూర్చోవడం... వీటివల్ల క్షయ సోకదు. గాలి ద్వారానే సోకుతుంది. అంటే కిటికీలు మూసి, కంచం వేరుచేసిన ఇల్లు చేయాల్సినదానికి సరిగ్గా తిరగేసి చేస్తోంది. వేరుచేయాల్సింది గాలిని. కిటికీ తెరవడం, ఎదురెదురు తలుపుల గుండా గాలి ఆడేలా చూడటం, మొదటి వారాల్లో దగ్గేటప్పుడు నోటికి గుడ్డ, వీలైతే విడిగా పడుకోవడం. ఇంతే. కుటుంబానికి ఈ తేడా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు చాలా చోట్ల ఎవరూ కేటాయించరు.

తెమడ డబ్బీ దగ్గర ఏం జరుగుతుంది

సామాజిక అంశాలు అనగానే పెద్ద పెద్ద మాటలు గుర్తొస్తాయి కానీ, అవి అసలు కనిపించేది చిన్న చిన్న పనుల దగ్గర. తెమడ నమూనా ఇవ్వడం అలాంటిది. పరీక్షకు కావలసింది ఛాతీ లోతుల నుంచి వచ్చిన చిక్కని తెమడ, 3 నుంచి 5 మిల్లీలీటర్లు. చాలా సమాజాల్లో ఆడవాళ్లు నలుగురిలో గట్టిగా దగ్గి ఉమ్మడం అమర్యాద. డబ్బీ చేతిలో పెట్టి 'ఉమ్మి తీసుకురా' అని వరండా చూపిస్తే ఆమె తెచ్చేది లాలాజలమే. పరీక్షలో క్రిమి కనపడదు. 'టీబీ లేదు' అని రాస్తారు.

పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఒక క్షయ కేంద్రం దీన్ని సూటిగా పరీక్షించింది. కొందరు ఆడవాళ్లకు నమూనా ఎలా ఇవ్వాలో ముందే వివరించారు, మిగతావాళ్లకు మామూలుగా డబ్బీ ఇచ్చారు. 2007లో ప్రచురించిన ఫలితం ప్రకారం, వివరించిన ఆడవాళ్లలో దాదాపు 13 శాతం మందికి, వివరించనివాళ్లలో 8 శాతం మందికి క్రిములు కనిపించాయి. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. మాటలే తేడా. చెప్పాల్సింది ఇది: ముందు నోరు మంచినీళ్లతో పుక్కిలించాలి. రెండు మూడుసార్లు నిండుగా గాలి పీల్చి, కాసేపు బిగబట్టి వదలాలి. ఆ తర్వాత కడుపు బిగించి లోతుగా దగ్గాలి. వచ్చినది డబ్బీలో పడ్డాక చూసుకోవాలి: నీళ్లలా, నురగలా ఉంటే మళ్లీ ప్రయత్నించాలి. ఉదయం లేవగానే వచ్చే తెమడ అన్నిటికంటే మేలు. ఈ పని ఆరుబయట, గాలి ఆడే చోట, కానీ ఇతరుల కళ్లు పడని మరుగున జరగాలి. చెప్పే మనిషి ఆడమనిషైతే ఇంకా మంచిది.

లెక్కల్లో ఆడవాళ్ల కంటే మగవాళ్లే ఎక్కువ. 2023లో జబ్బు పడిన సుమారు 1 కోటి 8 లక్షల మందిలో 55 శాతం మగవాళ్లు, 33 శాతం ఆడవాళ్లు, మిగతావాళ్లు పిల్లలు. కాబట్టి ఆడవాళ్ల ఇబ్బందులే సామాజిక అంశమనుకోవడమూ పొరపాటే. పొగ, మద్యం, దుమ్ము ధూళిలో పని, జైళ్లు, ఇరుకు బసలు, రోజుకూలి పోతుందని ఆస్పత్రికి రాకపోవడం... మగవాడి క్షయ చుట్టూ ఉన్న ఈ వల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మగవాడు కాబట్టి తట్టుకోవాలన్న అంచనా కూడా సంస్కృతే.

ఆడవాళ్ల విషయంలో జబ్బు తర్వాతి పరిణామాలు వేరు. పెళ్లి కుదిరిన అమ్మాయి మందుల పొట్లం దాచుకుంటుంది. కోడలు పుట్టింటికి పంపబడుతుంది. ఇంకో సంగతి చాలామంది వైద్యులు కూడా చెప్పడం మరుస్తారు: క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గించేస్తుంది. ఆ మాత్రల మీదే ఆధారపడిన మహిళకు చికిత్స కాలమంతా వేరే పద్ధతి సూచించాలి. ఇది చెప్పకపోతే కోరుకోని గర్భం వస్తుంది, 'టీబీ మందులు పడలేదు' అన్న పుకారు పుడుతుంది, ఆమె మందులు మానేస్తుంది.

రెండో నెల

మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. ఆ తర్వాత నాలుగు నెలలు ప్రధానంగా ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. నాలుగు మందులూ కలిపిన మాత్రలు మనిషి బరువును బట్టి రోజుకు 2 నుంచి 5 వరకు ఉంటాయి. తొలి వారాల్లోనే జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, దగ్గు సద్దుమణుగుతుంది. రెండో నెల చివరికి చాలామంది పనిలోకి పోగలరు. సరిగ్గా అక్కడే ప్రమాదం. వేగంగా పెరిగే క్రిములు చచ్చాయి కానీ, మెల్లగా, దాదాపు నిద్రలో ఉన్నవి కొన్ని మిగిలి ఉంటాయి. మిగతా నాలుగు నెలలు వాటి కోసమే. అప్పుడు పూర్తిగా ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఒకరోజు వేసి రెండు రోజులు మానేస్తూ, ఒక మాత్ర వేసి ఇంకోటి వదిలేస్తూ పోతే మందుకు లొంగని క్రిములకు మనమే చోటిచ్చినట్టు.

ఈ మానేయడాన్ని ఆస్పత్రి రికార్డులు 'నిర్లక్ష్యం' అని రాస్తాయి. మానేసినవాళ్లతో కూర్చుని మాట్లాడితే వినిపించే కారణాలు వేరు. ఒళ్లు బాగైంది, ఇంక పని మానుకుని ఆస్పత్రికి రాలేను. వలస పోవాలి, అక్కడ మందులు ఇస్తారో లేదో తెలియదు. మాత్రలు వేసుకుంటే వికారం, ఖాళీ కడుపుతో ఇంకా ఎక్కువ, ఇంట్లో తిండి సరిగా లేదు. మూత్రం నారింజ రంగులోకి మారింది, నెత్తురు పోతోందని భయపడ్డాను. ఈ చివరిది రిఫాంపిసిన్ రంగే, ప్రమాదం లేదు. మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ భయం ఉండదు. కళ్లు పచ్చబడటం, చూపు మసకబారటం, అరికాళ్లు తిమ్మిర్లెక్కడం మాత్రం వేరు. అవి కనిపిస్తే మందులు తనంతట తాను మానేసి ఇంట్లో కూర్చోకుండా వెంటనే వైద్యుడికి చూపించుకోవాలని అదే రోజు చెప్పాలి. ఏది భయపడక్కర్లేనిది, ఏది పరుగెత్తి రావలసినది అన్న రెండు జాబితాలు రోగి చేతిలో ఉండాలి.

మాత్రలు ఎవరో ఒకరి ఎదురుగా మింగాలన్న పద్ధతి 1990ల మధ్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ డాట్స్ విధానంతో దేశదేశాలకు పాకింది. అది తెచ్చిన మేలు పెద్దది: ఎడతెగని మందుల సరఫరా, తెమడ పరీక్ష, ప్రతి రోగి ఫలితం నమోదు. కానీ ఎదురుగా మింగించడం అనే ఒక్క ముక్కకు దక్కినంత ఘనత దానికి చెందదని నా అభిప్రాయం. 2001లో ప్రచురితమైన పాకిస్తాన్ ప్రయోగంలో ఆరోగ్య కార్యకర్త ఎదుట, ఇంట్లోవాళ్ల ఎదుట, ఎవరూ లేకుండా సొంతంగా మింగిన మూడు జట్లలోనూ నయమైనవాళ్ల శాతం 60కి అటూఇటూగానే తేలింది. రోజూ ఆస్పత్రికి రమ్మనడం కొన్నిచోట్ల కూలి పోగొట్టే, ఇరుగుపొరుగుకు చాటింపు వేసే పనిగా మారింది. తోడుగా ఉండే మనిషి వేరు, నిఘా పెట్టే మనిషి వేరు. ఎవరి ఎదుట మింగాలో రోగే ఎంచుకునేలా చేస్తే ఆ ఏర్పాటు తోడవుతుంది.

నమ్మకమా, ఆసరానా?

ఈ చిక్కుముడిని విప్పడానికి నాకు తెలిసిన అత్యుత్తమ సాక్ష్యం హైతీలోని మధ్య పీఠభూమి నుంచి వచ్చింది. 1980ల చివర వైద్యుడు, మానవశాస్త్రవేత్త పాల్ ఫార్మర్ బృందం అక్కడ క్షయ రోగులను రెండు జట్లుగా గమనించింది. రెండింటికీ మందులు ఉచితం. ఒక జట్టుకు మాత్రం అదనంగా నెలకు 30 డాలర్లు, తిండి, ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి పలకరించడం. ఆ జట్టులో అందరూ నయమయ్యారు. ఉచిత మందులు మాత్రమే పొందిన జట్టులో సగం కంటే కాస్త ఎక్కువ మందే. ఇందులో అసలు విషయం మరొకటి ఉంది. రెండు జట్లలోనూ చాలామంది తమ జబ్బు వెనక చేతబడి ఉండొచ్చని నమ్మారు. ఆ నమ్మకం ఉన్నవాళ్లు, లేనివాళ్లు మందులు వాడటంలో తేడా కనిపించలేదు. మనిషి చేతబడి విరుగుడూ చేయించుకోగలడు, మాత్రలూ మింగగలడు. రెండూ ఒకే మనసులో ఇమడగలవు. మాత్రలు మింగనివ్వనిది ఆకలి, దూరం, ఒంటరితనం.

అదే సంప్రదాయంలో పెరూ రాజధాని లిమా శివారు కరబాయోలో 1996 నుంచి మందులకు లొంగని క్షయకు ఇళ్ల వద్దే చికిత్స మొదలైంది. పేద దేశాల్లో అది అసాధ్యమని, ఖర్చుకు తగదని నిపుణులు అంటున్న కాలం. నాలుగు నెలలు లేదా అంతకు మించి చికిత్స పొందిన 66 మందిలో 55 మందికి జబ్బు నయమైనట్టేనని 2003లో వెల్లడించారు. వాళ్ల రహస్యం వారానికోసారి జరిగే రోగుల సమావేశాలు, పొరుగు కార్యకర్తలు, తిండి, అవసరమైతే ఇంటి పైకప్పు బాగుచేయించడం.

డబ్బు గురించి ఒక కొలమానం గుర్తుంచుకోవాలి. జబ్బు వల్ల కలిగిన మొత్తం ఖర్చు, పోయిన కూలితో సహా, కుటుంబ ఏడాది ఆదాయంలో 20 శాతం దాటితే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ విపత్కర వ్యయం అంటుంది. దేశాల సర్వేల ప్రకారం దాదాపు సగం కుటుంబాలు ఆ గీత దాటుతున్నాయి, మందులు ఉచితమైనా సరే. ఖర్చులో పెద్ద భాగం జబ్బు పేరు తెలియక ముందే అయిపోతుంది: ఒక వైద్యుడి దగ్గర్నుంచి ఇంకో వైద్యుడికి, ఎక్స్‌రేలు, యాంటీబయాటిక్‌లు, ప్రయాణాలు, పోయిన కూలి. అందుకే సాయం చికిత్స ముగిశాక బహుమతిలా వచ్చి లాభం లేదు. మొదటి నెలలోనే, ఆదాయం కుప్పకూలిన రోజుల్లోనే చేతికందాలి.

తిండి విషయంలో 2023లో జార్ఖండ్ నుంచి వచ్చిన రేషన్స్ ప్రయోగం చర్చను మార్చేసింది. రోగి కుటుంబసభ్యుల్లో ప్రతి పెద్దమనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, సూక్ష్మపోషకాలు ఇచ్చిన ఇళ్లలో కొత్తగా జబ్బు పడేవాళ్లు 39 శాతం తగ్గారు. ఊపిరితిత్తుల క్షయలో సోకే రకమైతే 48 శాతం తగ్గింది. టీకా ఫలితంలా కనిపించే అంకె ఇది, సాధించింది గింజలు.

ఒక్క మందుతోనే పని జరగదనడానికి ఎదురు ఉదాహరణా ఉంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఇరవై ఏడు వేల మందికి నివారణ మందు అందించిన థిబేలా అధ్యయనం 2014లో వెలువడింది. తొమ్మిది నెలలు మందు వాడుతున్నంతకాలం జబ్బు తగ్గింది, ఆపిన తర్వాత ఆ మేలు నిలవలేదు. ఊపిరితిత్తుల్లో సిలికా ధూళి, ఇరుకు బసలు, హెచ్‌ఐవీ, కుటుంబాలకు దూరంగా వలస బతుకు అలాగే ఉన్నాయి మరి.

విశ్వాసం పోతే

ప్రజలు క్షయ కార్యక్రమాలను చూసి జంకడానికి కొన్నిచోట్ల చరిత్రే కారణం. కెనడాలో 1950, 60ల్లో సీ.డీ. హోవ్ అనే ఓడ ఆర్కిటిక్ తీరాల్లో ఇన్యూట్ ప్రజలకు ఎక్స్‌రేలు తీసేది. క్షయ అని తేలినవాళ్లను అట్నుంచటే దక్షిణాది శానటోరియంలకు తీసుకుపోయేవారు. పిల్లలకు తమ భాష మరుపొచ్చింది. కొందరు అక్కడే చనిపోయారు, ఎక్కడ పూడ్చారో కుటుంబాలకు దశాబ్దాలపాటు తెలియలేదు. 2019 మార్చిలో ప్రధాని జస్టిన్ ట్రూడో ఇకాలుయిట్‌లో క్షమాపణ చెప్పారు. అలాంటి చోట ఎక్స్‌రే బండి వస్తే వృద్ధురాలు తలుపు వేసుకుంటే దాన్ని అవగాహన లేమి అనడం అన్యాయం. ఆమెకున్నది జ్ఞాపకం.

బలవంతం ఇప్పటికీ పోలేదు. మందులు మానేశారని కెన్యాలో 2010లో ఇద్దరిని జైల్లో పెట్టారు. క్షయ వ్యాపించడానికి కిక్కిరిసిన జైలు కంటే అనువైన చోటు ఉండదు. అలా బంధించడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి హైకోర్టు 2016 మార్చి 24న, ప్రపంచ క్షయ దినాన, తీర్పు చెప్పింది.

మాటలూ ఒక రకం బలవంతమే. క్షయ వైద్యం చాలాకాలం పోలీసు భాష మాట్లాడింది: అనుమానితుడు, ఎగవేతదారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిర్వచనాల్లో 'అనుమానితుడు' తీసేసి 'క్షయ ఉండే అవకాశం ఉన్నవారు' అని, 'ఎగవేత' తీసేసి 'అందుబాటులో లేకుండా పోయినవారు' అని మార్చింది. రెండో మార్పులో లోతుంది. ఎగవేసింది రోగి, పోగొట్టుకున్నది సేవ. ఎవరు వెతకాలో మాటే చెబుతుంది.

ఇంటికి వెళ్లేటప్పుడు

ఒకరికి క్షయ అని తేలాక ఇంట్లోవాళ్లందరినీ పరీక్షించాలి. కార్యక్రమంలో అన్నిటికంటే విలువైన పని ఇది, అన్నిటికంటే సున్నితమైనదీ ఇదే. చేటు ఎక్కడ జరుగుతుందంటే, శాఖ పేరు రాసిన బండి వీధి మొదట్లో ఆగడంతో. తర్వాత ముక్కుకు మాస్కు బిగించుకుని గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలవడంతో. సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, మరుసటి వారం అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు.

వెళ్లే ముందే రోగిని అడగాలి: ఇంట్లో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియకూడదు, ఇంటికే రావాలా, వేరే చోట కలవాలా, ఏ వేళ. యజమానికి, పొరుగువారికి ఏమని చెప్పుకోవాలో కూడా ముందే మాట్లాడుకోవాలి. బండి దూరంగా ఆపి మామూలు బట్టల్లో వెళ్లాలి. ఆరుబయట కూర్చుని మాట్లాడితే మాస్కు అవసరమే చాలావరకు పడదు. కుదిరితే ఆ వీధిలో చక్కెర, రక్తపోటు కూడా చూస్తే ఎవరింటికి ఎందుకు వచ్చారో ఎవరికీ తెలియదు. ఎవరి నుంచి ఎవరికి సోకిందన్న ప్రశ్న ఇంట్లో లేవనీయకూడదు. నింద మొదలైతే పరీక్ష ఆగిపోతుంది. గతంలో క్షయ వచ్చి నయమైన మనిషి వెంట ఉంటే సగం మాటలు అక్కర్లేదు. 'నేనూ ఇవే మాత్రలు మింగాను' అన్న ఒక్క మాట చాలు.

జబ్బు లేదని తేలిన పిల్లల దగ్గర చివరి చిక్కు వస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు సోకితే జబ్బుగా మారే ముప్పు పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ, అది మెదడు పొరలకు పాకే ప్రమాదమూ ఉంది. అందుకే జబ్బు లేదని రూఢి చేసుకున్నాక నివారణ మందులు ఇస్తారు. ఇప్పుడు ఆరు నెలల ఐసోనియాజిడ్‌తో పాటు మూడు నెలల రోజువారీ కోర్సు, రెండేళ్లు దాటినవారికి వారానికోసారి చొప్పున 12 మోతాదుల కోర్సు కూడా ఉన్నాయి. తల్లి అడుగుతుంది: 'ఆడుకుంటున్న పిల్లకు మందెందుకు?' సహేతుకమైన ప్రశ్న. గదమాయిస్తే తల ఊపి తీసుకుంటుంది, పొట్లం అలమరలో ఉండిపోతుంది. పొయ్యిలో నివురు కింద నిప్పు ఉన్నట్టు క్రిమి లోపల దాగి ఉందని, మంట లేచాక ఆర్పడానికి ఆరు నెలలు పడుతుందని, ఇప్పుడైతే వారానికోసారి పన్నెండు వారాలు చాలని చెప్పి, ఆ పన్నెండు రోజులూ ఆమెతో కలిసి క్యాలెండర్లో గుర్తు పెట్టాలి. ఏ వారం, ఇంట్లో ఎవరు మింగిస్తారో కూడా అక్కడే రాయాలి.